వెంకటనర్సయ్య మామిడికాయ బండి

నాంపల్లి స్టేషన్ ముందరి టాంగాల అడ్డాలో వడ్ల వెంకటనర్సయ్య గురించి ఒక మాట చాలాకాలం తిరిగింది. ఆబిడ్స్‌లో ఒక పాత ఇంటి మోటారుఖానాలో అతనికి బంగారు అష్రఫీల బిందె దొరికిందట. పోలీస్ యాక్షన్ నాడు ఎవరో జాగీర్దారు దాన్ని పాతిపెట్టి మళ్లీ రాలేదట. ఆ ఇంటి యజమానురాలూ, ఇతనూ కలిసి తలుపులు మూసుకుని నేలంతా తవ్వారట. బిందెను ఊరు దాటించడానికి నర్సయ్య చక్రాల మీద ఒక పెట్టె చేశాడట. మామిడికాయను నిలువునా కోసి బోర్లించినట్టుండే ఆ పెట్టెకు బయట ఎక్కడా తాళం లేదట, తాళంచెవి దూరే సందు కూడా లేదట. ఏదో మర నొక్కితే తెరుచుకుంటుందట. ఆ మర ఎక్కడుందో ఇద్దరికే తెలుసట.

ఈ మాట చెప్పేవాళ్లు పెట్టెను కళ్లారా చూసినవాళ్లే. తలుపులు మూసి ఉండటం నిజం. తవ్విన మన్ను గంపల్లో బయటికి రావడమూ నిజమే. తాళం లేదన్నది అంతకన్నా నిజం. అందుకే ఆ మాటను కొట్టిపారేయడం ఎవరివల్లా కాలేదు. నర్సయ్య కూడా కాదనలేదు. నవ్వి తన పనిలో పడేవాడు.

నర్సయ్య తండ్రి భువనగిరి అవతలి పల్లె నుంచి ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని వచ్చి, నాంపల్లిలో రేకుల కప్పు కింద టాంగాలు చేయడం మొదలుపెట్టాడు. నర్సయ్యకు అప్పుడు ఆరేళ్లు. బడి మొహం చూడకుండానే ఉలి పట్టుకున్నాడు. తండ్రి నేర్పిన వాటిలో అన్నిటికన్నా పెద్ద పాఠం ఒక్క వేలిది. టాంగా పూర్తయ్యాక అందులో మనుషుల బరువుకు సరిపడా ఇసుక సంచులు వేయాలి. గుర్రాన్ని కట్టే నొగలకు అడ్డంగా కర్ర కట్టి, దాని కింద చూపుడు వేలు పెట్టి ఎత్తాలి. ఒక్క వేలికి లేస్తే బండి అయినట్టు. లేవకపోతే ఇరుసు జరపాలి. బరువంతా ఇరుసు మీదే కూర్చోవాలి తప్ప గుర్రం మీద పడకూడదు. తండ్రికి సొంత గుర్రం ఎన్నడూ లేదు. అయినా ఏ గుర్రానికైనా వీపు పుండు పడిందంటే ఆ పాపం బండి చేసినవాడిదే అనేవాడు. నర్సయ్య చేసిన టాంగాలు ఆ అడ్డాలో నలభైకి పైనే తిరిగాయి. వాటికి కట్టిన ఒక్క గుర్రానికీ పుండు పడలేదని తోలేవాళ్లే చెప్పేవారు.

తర్వాత సైకిల్ రిక్షాలు వచ్చాయి. బస్సులు పెరిగాయి. 1952 నాటికి కొత్త టాంగా కావాలని వచ్చేవాడే లేకుండా పోయాడు. పాతవాటికి చక్రం ఆకు మార్చడం, గొడుగుకు మాసిక వేయడం, అంతే మిగిలింది. అన్న బిచ్చయ్య అప్పటికే బాడిస పక్కన పెట్టి పండ్ల మార్కెట్‌లో బత్తాయి పెట్టెలు కొట్టే పనిలో కుదురుకున్నాడు. తమ్ముడి కోసం కూడా ఒక చోటు మాట్లాడి ఉంచాడు. దసరా దాకా ఆగుతానని అక్కడి మేస్త్రీ మాట ఇచ్చాడు.

"గాడ కొలత లేదు, చిత్రిక లేదు తమ్మీ. మేకు కొట్టుడు, పెట్టె అవతలికి ఇసురుడు. తలకాయ నొప్పి లేని పని" అని నచ్చజెప్పాడు బిచ్చయ్య.

కొలత లేని పని అన్న మాటే నర్సయ్యకు ముల్లులా గుచ్చుకుంది. దసరా నాడు ఉలి, బాడిస, రంపం కడిగి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకునే ఇల్లు అది. ఆ మర్నాడే వాటిని గుడ్డలో చుట్టి అటకెక్కించాలంటే అతనికి అన్నం సయించలేదు.

వానలు పడటానికి ముందు ఒక పొద్దున అహల్య అతన్ని పిలిపించింది. వాళ్లది ఆబిడ్స్‌లోని చిరాగ్ అలీ సందులో మూడు తరాల వకీళ్ల ఇల్లు. తండ్రి పోయాక ఆ ఇల్లూ, ఆయన పాత ఆస్టిన్ కారూ ఆమెకు మిగిలాయి. పెళ్లి చేసుకోలేదు. ఆడపిల్లల బడులను తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. చిన్నప్పుడు ఆమె బడికి వెళ్లింది నర్సయ్య తండ్రి చేసిన పరదా టాంగాలోనే. ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు పత్రికలోంచి చింపిన కాగితం ఒకటి అతని ముందు పరిచింది. అందులో కారు వెనుక తగిలించిన చిన్న గూడు బండి బొమ్మ ఉంది. లోపల ఇద్దరు పడుకునే చోటు. వెనుక మూత ఎత్తితే పొయ్యీ, గిన్నెలూ.

సంగారెడ్డి అవతల తన కింద ఆరు బడులున్నాయని ఆమె చెప్పింది. పోతే రాత్రిళ్లు అక్కడే ఉండాలి. ఆడవాళ్లు దిగడానికి చోటు లేదు. పటేలు ఇంట్లో దిగితే, ఆ పటేలు మరదలే పంతులమ్మ అయిన బడి మీద ఉన్నది ఉన్నట్టు రాయడం కష్టం. కిందటిసారి ఒక ఊరి డాక్ బంగళాలో తనూ, ఆఫీసు ఆయా జంగమ్మా తలుపుకు కుర్చీలు అడ్డం వేసుకుని తెల్లవార్లూ వాటిలోనే కూర్చున్నారు. పై అధికారి మర్యాదగానే మాట్లాడాడట. దసరా లోపల ఆ ఆరు బడులూ చూసి రాలేకపోతే, లక్డీకాపూల్ ఆఫీసులో నీడపట్టున కుర్చీ వేయిస్తానన్నాడట.

"కుర్చీలల్ల కూసునుడు అయిపోయింది నర్సయ్యా" అన్నది అహల్య. "పండుకునేటట్టు ఏదన్నా చెయ్యి."

నర్సయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది టాంగానే గదమ్మా. గుర్రం కాడ మోటారున్నది, గంతే" అన్నాడు.

అతను చేయబోయే తప్పంతా ఆ మాటలోనే ఉంది. అది అప్పుడు ఎవరికీ తెలియలేదు.

ఇంటికి వచ్చి భార్య యాదవ్వతో గట్టిగా చెప్పేశాడు. ఈ బండి ఆరు ఊళ్లు తిరిగి క్షేమంగా వస్తే బాడిస వదలను, రాకపోతే దసరా మర్నాడే అన్న వెంట పోతాను అని. యాదవ్వ బియ్యం ఏరుతూ, ఏదైనా ఫరవాలేదు గాని ఆ ముడుచుకున్న మొహం మాత్రం ఇంట్లోకి తేవద్దన్నది.

కారును వేపచెట్టు కిందికి తోసి మోటారుఖానా అతనికి ఇచ్చేశారు. గౌలిగూడలో పాత సామాన్ల దుకాణంలో జీపు ఇరుసు, రెండు చక్రాలు, కుదుపు ఆపే కమాను పట్టీలు దొరికాయి. టేకు పట్టెలను రెండు రోజులు నీళ్లలో నానేసి, ఆవిరి పట్టి, విల్లులా వంచాడు. టాంగా గొడుగుకు వంచే పద్ధతే అది. పట్టెల మీద పల్చటి పలకలు పరిచి, పైన తడిపిన కిత్తాను గుడ్డ లాగి మేకులు కొట్టాడు. గుడ్డ ఆరేకొద్దీ ముడుచుకుని డప్పు చర్మంలా బిగిసింది. దాని మీద అవిసె నూనె కలిపిన ఆకుపచ్చ రంగు నాలుగు పూతలు వేశాడు. పూత పచ్చిగా ఉండగా సందులోని దుమ్ము అంటుకుంటే జన్మలో వదలదు. అందుకని పగలంతా తలుపులు మూసి ఉంచాడు. మూసిన తలుపుల కథ అంతే.

తవ్వకం కథ అంతకన్నా చిన్నది. జంగమ్మ మంచి పొడగరి. లోపల కూర్చుని కొలత ఇస్తూ, తన కొప్పు కూడా తనదేనని, దాన్ని వదిలేసి కొలిస్తే ఒప్పుకోనని పట్టుబట్టింది. ఆ కొప్పు కోసం నర్సయ్య కప్పును నాలుగు వేళ్లు లేపాడు. అంతా అయ్యాక చూస్తే బండి మోటారుఖానా ద్వారబంధం కన్నా సరిగ్గా ఆ నాలుగు వేళ్లే ఎత్తు వచ్చింది. ముప్పై ఏళ్ల పనిలో అతను అంత సిగ్గుపడింది లేదు. ద్వారం కింద నేలలో చక్రాలు దిగేలా రెండు చాళ్లు తవ్వాడు. యాదవ్వ ఆ మన్నును గంపలకెత్తి, రంగు మీద దుమ్ము లేవకుండా పైన తడి గోనె కప్పి, సందు చివర పోసి వచ్చింది. గోనె కప్పిన గంప నాలుగోసారి బయటికి వచ్చేసరికి సందులో వాళ్లు పనులు మానుకుని చూస్తున్నారు.

బయటికి వచ్చిన బండిలో అన్నీ సర్దించాడు. పరుపులు ముందు భాగంలోకీ, నీళ్ల డబ్బా, కిరసనాయిలు పొయ్యి, బియ్యం, రిజిస్టర్ల పెట్టె వెనుక వంట అరలోకీ పోయాయి. కారుకు తగిలించే కడ్డీ కింద చూపుడు వేలు పెట్టాడు. బండి ఈకలా లేచింది. అహల్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నర్సయ్య తండ్రిని తలుచుకున్నాడు.

కారు నడిపే మల్లయ్య రెండేళ్ల కిందటి దాకా టాంగా తోలినవాడే. నర్సయ్య అతని పక్కన కూర్చున్నాడు. ఆబిడ్స్‌లో, నాంపల్లిలో, జనం మధ్య బండి బుద్ధిగా వెంట వచ్చింది. లక్డీకాపూల్ దాటి రోడ్డు ఖాళీ కాగానే మల్లయ్య కాస్త వేగం పెంచాడు. అంతే, వెనుక బండి మొదట మెల్లగా, తర్వాత ఒడ్డున పడ్డ చేపలా తోక కొట్టసాగింది. దాని ఊపుకు కారు కూడా రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా ఈడ్చుకుపోయింది. ఎదురుగా వస్తున్న ఎద్దుల బండి ఆసామి ఎద్దులను వదిలి పొలంలోకి దూకాడు. మల్లయ్య ఎలాగో ఆపేసరికి ఒక చక్రం కాలువలో ఉంది.

"నర్సన్నా, గుర్రాన్ని తోలిన, మోటారు తోలిన" అన్నాడు మల్లయ్య చెమట తుడుచుకుంటూ. "నన్ను తోలే బండిని మాత్రం ఇయ్యాలనే చూసిన."

ఆ మాట చీకటి పడకముందే అడ్డా అంతా పాకింది.

నర్సయ్య చక్రాలు మార్చాడు. పట్టీలు బిగించాడు. దారం పట్టి ఇరుసును వెంట్రుక వాసి తేడా లేకుండా కొలిచాడు. ప్రతిసారీ ముందుగా ఒక్క వేలితో ఎత్తి చూసేవాడు. బండి ప్రతిసారీ లేచేది. ప్రతిసారీ లక్డీకాపూల్ దాటగానే తోక కొట్టేది. తండ్రి పరీక్షలో నెగ్గిన బండి రోడ్డు మీద ఎందుకు ఓడుతోందో అతనికి అంతుపట్టలేదు. అహల్య రోజూ ఆఫీసుకు పోతూ ఆగి, పోవచ్చునా అని ఒక్క మాట అడిగేది. ఒకనాడు బిచ్చయ్య వచ్చి, బండి చుట్టూ తిరిగి, పలకల అతుకులను వేలితో తడిమి మెచ్చుకున్నాడు. వెళ్లిపోతూ మాత్రం, దసరాకు పద్దెనిమిది రోజులే ఉన్నాయని గుర్తు చేశాడు. ఆరు ఊళ్లూ తిరగడానికే తొమ్మిది రోజులు కావాలి.

నాలుగోసారి బయల్దేరేటప్పుడు నీళ్ల డబ్బా మూత ఊడివస్తుంటే, పట్టుకుని కూర్చోమని యాదవ్వను వెనుక మూలన ఎక్కించాడు. ఆ పూట బండి ఎన్నడూ లేనంతగా ఊగింది. ఖైరతాబాద్ అవతల ఆపి తలుపు తీస్తే, యాదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. నడిచి పోతానన్నది. నడవలేదని చూస్తేనే తెలుస్తోంది. బతిమాలి లోపలికి ఎక్కించి, నీళ్ల డబ్బా సంగతి వదిలేసి ముందు వైపు, తలగడల దగ్గర పడుకోమన్నాడు.

కారును వెనక్కి తిప్పుకుని ఇంటి దారి పట్టారు. సగం దారిలో మల్లయ్య ఉన్నట్టుండి వెనక్కి తలతిప్పాడు.

"అన్నా, బండి ఉన్నదా, ఊడిందా?"

నర్సయ్య తొంగి చూశాడు. బండి ఉంది. కారు వెంట గీత గీసినట్టు వస్తోంది. ఇంకొంచెం తోలమన్నాడు. మల్లయ్య ఇంకొంచెం తోలాడు. అయినా అది ఊగలేదు. ఆపించి పరుగున వెళ్లి తలుపు తీశాడు. యాదవ్వ ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. భుజం తట్టి లేపి, ఒక్కసారి మళ్లీ వెనుక మూలకు పొమ్మన్నాడు.

"నీ బండి కోసం ఒక్కపారి కక్కిన. చాలదా ఏందయ్యా?" అని ఆమె అటు తిరిగి పడుకుంది.

చేసేది లేక తానే వెనుక మూలన ఎక్కి కూర్చున్నాడు. కారు కదిలింది. బండి తోక కొట్టింది. ఆపించి, పాక్కుంటూ ముందుకు వచ్చి యాదవ్వ పక్కన కూర్చున్నాడు. ఊపు మాయమైంది. ఆ చీకటి గూడులో మోకాళ్లు పట్టుకుని కూర్చున్న నర్సయ్యకు సంగతి నెమ్మదిగా తెలిసివచ్చింది. ఒక్క వేలి తూకం గుర్రం వీపు నొప్పి పడకుండా పెట్టింది. ఇక్కడ నొప్పి పడేదెవరు? ముందు బరువు లేని బండికి కారు మీద పట్టు ఉండదు, ఎటు పడితే అటు తోక తిప్పుతుంది. ముందు బరువు పడితే కుదురుగా వెంట వస్తుంది.

"మోటారుకు వీపు లేదు గదనే" అన్నాడు పైకే.

"ఔ, నీకు తెలివి లేదు" అన్నది యాదవ్వ కళ్లు తెరవకుండానే.

తెలుసుకోవడం ఒక ఎత్తు, చేయడం ఇంకో ఎత్తు అయింది. ఇరుసును జానెడు వెనక్కి జరపాలంటే అడుగు పట్టీలన్నీ ఊడదీయాలి. ఐదు రోజులు అదే పని. తండ్రి చెప్పింది తన చేతులతోనే చెరిపేస్తున్నానన్న దిగులు అతన్ని పట్టుకుంది. బండి సిద్ధమైన పొద్దున అడ్డా నుంచి నలుగురు పెద్ద మనుషులు ఒక్క వేలి పరీక్ష చూడటానికి వచ్చారు. అందరికన్నా ముసలివాడు పెంటయ్య ముందుకొచ్చి కడ్డీ కింద వేలు పెట్టాడు. బండి కదల్లేదు. రెండు చేతులతో పట్టి గుంజితే తప్ప లేవలేదు.

"ఏంది నర్సయ్యా, మీ నాయిన చూస్తే ఏమంటడు?" అన్నాడు పెంటయ్య.

"గుర్రం ఎక్కడున్నదని అడుగుతడు తాతా" అన్నాడు నర్సయ్య. వాళ్లు తల అడ్డంగా ఊపుకుంటూ పోయారు.

మర్నాడు పొద్దున్నే అహల్య, జంగమ్మ, మల్లయ్య బయల్దేరారు. కొప్పు తగలలేదని జంగమ్మ కిటికీలోంచి చెప్పి పోయింది. నర్సయ్య వెంట పోలేదు. బండి చేసినవాడు పక్కన ఉంటే తప్ప నడవని బండి బండే కాదని అతని పట్టుదల. అయితే ఆ ఎనిమిది రోజులూ అతను చేసిన పని అంటూ లేదు. పదునుగా ఉన్న ఉలికే మళ్లీ పదును పెట్టాడు. బస్సు మీద సంగారెడ్డి వైపు నుంచి వచ్చిన వాళ్లను ఏదో వంకతో పలకరించి, దారిలో ఆకుపచ్చ బండి ఏదైనా పడి కనబడిందా అని ఆరా తీశాడు. రెండు రోజులు కుండపోతగా వాన కురిసింది. అతుకుల్లో నీరు దిగిందేమోనని మనసులోనే ఒక్కో మేకూ తడిమి చూసుకున్నాడు.

దసరాకు రెండు రోజుల ముందు, తొమ్మిదో నాడు మిట్టమధ్యాహ్నం, స్టేషన్ రోడ్డు మీద ఎవరో కేక వేశారు. నర్సయ్య ఉలి చేత్తోనే పట్టుకుని వచ్చాడు. నేరుగా ఇంటికి పోవాల్సిన అహల్య, కారును అడ్డా వైపు తిప్పమన్నదట. కారు అడ్డా పక్కనుంచి వచ్చింది. దాని వెనుక, కప్పు దాకా ఎర్రమట్టి కొట్టుకుని, ఆకుపచ్చ రంగు అక్కడక్కడా మెరుస్తూ, పెళ్లికూతురు వెంట నడిచే తోడుపెళ్లికూతురిలా వంపు లేకుండా మామిడికాయ బండి వచ్చింది. టాంగాల వాళ్లు కళ్లాలు బిగించి దారి ఇచ్చారు. పెంటయ్య లేచి నిలబడ్డాడు.

మల్లయ్య కారు ఆపి దిగి, అందరూ వినేలా చెప్పాడు. "వాగుల దింపిన, గుట్ట ఎక్కించిన. యాడ తిప్పితే ఆడికొచ్చింది. లేగదూడ నయం గాదు దీని ముందల."

అహల్య అతని దగ్గరికి వచ్చి మెల్లగా అన్నది. "ఆరు బడులు చూసిన నర్సయ్యా. ఎనిమిది రాత్రులూ పండుకున్న."

నర్సయ్య బండి పక్కన కూర్చుని, మట్టి తుడిచి, అతుకుల మీద వేలు నడిపాడు. ఎక్కడా నీరు దిగలేదు. లేచేసరికి చుట్టూ ఇరవై మంది ఉన్నారు. పెంటయ్య మళ్లీ కడ్డీ దగ్గరికి వెళ్లి, ఈసారి రెండు చేతులూ వేసి ఎత్తి, దించి, ఔనన్నట్టు తల ఊపాడు.

దసరా నాడు బాడిసకు పెట్టిన కుంకుమ మామూలు కన్నా పెద్దదిగా ఉందని యాదవ్వ వెక్కిరించింది. మర్నాడు పొద్దున బిచ్చయ్య వచ్చాడు. పండ్ల మార్కెట్ ఊసు ఎత్తలేదు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలయ్ బలయ్ చేసుకుని, ఇరుసు ఎంత వెనక్కి జరిపావని అడిగాడు. ఆ సంక్రాంతి రాకముందే అతనూ పెట్టెలు మానేసి తమ్ముడి రేకుల కప్పు కిందికి తిరిగి వచ్చాడు. 1956 నాటికి అన్నదమ్ములు అలాంటి బండ్లు తొమ్మిది చేశారు. వాటిలో ఒకటి ఊళ్లు తిరిగే కళ్ల డాక్టరుకు, రెండు పశువుల దవాఖాన మందులకు, ఒకటి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంకో ఇన్‌స్పెక్టరమ్మకు. అడ్డాలో ఇప్పుడు రెండు చేతుల పరీక్ష అంటే నర్సయ్యదే. గుర్రం బండి మరమ్మతుకు వస్తే మాత్రం అతను ఈనాటికీ చూపుడు వేలే పెడతాడు.

అహల్య లక్డీకాపూల్ కుర్చీలో కూర్చోనేలేదు. ఏటా రెండుసార్లు ఆ ఆకుపచ్చ బండి నాంపల్లి మీదుగా పోతుంది, వస్తుంది. అది పోయినప్పుడల్లా అష్రఫీల కథ మళ్లీ లేస్తుంది. బిందె ఎంత పెద్దదో, మర ఎక్కడుందో వాదించుకుంటారు.

బయట తాళం లేని మాట నిజమే. ఆ బండి తలుపుకు ఉన్నది ఒకటే గొళ్ళెం. ఇత్తడిది, జానెడు పొడవు. నర్సయ్య దాన్ని లోపలి వైపు బిగించాడు.